కొత్తగా ఆర్‌సీ రేసుకు వెళ్లేవాళ్ల డబ్బాలో ఏ స్పేర్లు ఉండాలి?

మీరు చెప్పిన వివరాలు ఇవి: ఉండేది మారతహళ్లిలో. కొన్నది రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) 1/10 స్కేలు టూ వీల్ డ్రైవ్ షార్ట్ కోర్స్ ట్రక్కు, బ్రష్డ్ మోటరుతో రెడీమేడ్‌గా వచ్చింది. వచ్చే నెల నుంచి ఆదివారాలు మట్టి ట్రాక్ మీద రేసులకు వెళ్లాలని ఉంది. స్పేర్లకు ఏడు వేల దాకా పెట్టగలరు. అమ్మినాయన మాత్రం పూర్తి అల్యూమినియం కిట్టు వేయించుకుంటే స్పేర్ల అవసరమే రాదంటున్నాడు.

అల్యూమినియం కిట్టు వద్దు. ఎందుకు వద్దో ఆర్మ్‌ల (చక్రాలను బండి ఛాసీకి కలిపే చేతుల) దగ్గర చెబుతాను.

స్పేర్లు అనగానే కొత్తవాళ్లు బండిలో ఖరీదైనవేవో చూసి వాటి జాబితా రాసుకుంటారు: మోటరు, ఈఎస్‌సీ (మోటరు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), రిసీవరు. రేసు మధ్యలో చేత్తో మోసుకొచ్చే బండ్లను గమనించండి, చాలావాటికి కారణం అవి కావు. చక్రం నట్టు ఊడి ఉంటుంది, బాల్ కప్ (కడ్డీ చివర బాల్ మీద నొక్కి ఎక్కించే ప్లాస్టిక్ కప్పు) జారి ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల పిన్ను మట్టిలో పడిపోయి ఉంటుంది, లేదా ముందు ఆర్మ్ విరిగి ఉంటుంది. కాబట్టి ప్రతి భాగాన్నీ రెండు ప్రశ్నలతో తూచండి. ఇది పోతే ఆ రోజుకు బండి ఆగిపోతుందా? ఇది బెంగళూరులో దొరుకుతుందా? ఆగిపోతుంది, దొరకదు అన్నవాటి మీదే మీ డబ్బు పెట్టాలి. ఆగిపోతుంది కానీ ఊళ్లో దొరుకుతుంది అన్నవాటిని ఎస్పీ రోడ్డులో (ఎలక్ట్రానిక్స్, హార్డ్‌వేర్ దుకాణాల వీధి) చవగ్గా, కాస్త ఎక్కువగా తెచ్చి పెట్టుకోండి. ఎందుకంటే రేసు ఆదివారం, ఎస్పీ రోడ్డులో ఆదివారం చాలా దుకాణాలకు షట్టర్లు వేసే ఉంటాయి. పోయినా బండి తిరుగుతుంది అన్నవాటి జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

బండికి సంబంధించిన ప్లాస్టిక్ భాగాలు మాత్రం ఆ కంపెనీవే కావాలి, అవి దాదాపు అన్నీ బయటి నుంచి వచ్చేవే. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగాక, అమ్మేవాళ్లు కూడా బాగా కదిలే సరుకే తెప్పిస్తున్నారు. విరిగాక ఆర్డరు పెడదాంలే అనుకుంటే రెండు మూడు ఆదివారాలు గట్టు మీద కూర్చుని చూడాల్సి వస్తుంది. బండితో వచ్చిన మాన్యువల్‌లో విడదీసిన బొమ్మ ఉంటుంది, ప్రతి భాగం పక్కన నంబరు ఉంటుంది. ఆర్డరు ఆ నంబరుతోనే పెట్టండి. "ముందు ఆర్మ్" అని రాసి అడిగితే ఇంకో మోడల్‌ది రావడానికి ఎంతోసేపు పట్టదు.

ముందు భాగం: సగం డబ్బు ఇక్కడే

రెండు కిలోలు దాటిన బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి పైపుకో, టైరు గోడకో తగిలితే మొదట దెబ్బ తినేది ముందు కింది ఆర్మ్. కొత్తవాళ్లు మలుపులోకి ఆలస్యంగా బ్రేకు వేస్తారు, బండి బయటికి జారుతుంది, బయటి వైపు ముందు చక్రం గోడను పట్టుకుంటుంది. ఆ తాకిడి చక్రం నుంచి నకుల్‌కి (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తో తిరిగే ముక్క), నకుల్ నుంచి సి-హబ్‌కి (నకుల్‌ను పట్టుకునే సి ఆకారపు ముక్క), అక్కడి నుంచి ఆర్మ్‌కి, చివరికి ఆర్మ్ పట్టుకున్న బల్క్‌హెడ్‌కి చేరుతుంది. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట విరగాలి. ప్లాస్టిక్ ఆర్మ్ ఇంట్లో ఫ్యూజు లాంటిది. నాలుగు స్క్రూలు తీసి పది నిమిషాల్లో మార్చేయొచ్చు. అల్యూమినియం ఆర్మ్ విరగదు, వంగుతుంది. వంగకపోతే ఆ దెబ్బను అలాగే లోపలికి పంపుతుంది, అప్పుడు బల్క్‌హెడ్డో ఛాసీనో చీలుతుంది. అది మార్చాలంటే ముందు సగం బండి విప్పాలి. వంగిన ఆర్మ్ ఇంకా మోసం: బండి తిరుగుతూనే ఉంటుంది, కానీ ఒక పక్కకు లాగుతుంది, మీరేమో రిమోట్‌లో ట్రిమ్ (స్టీరింగ్ మధ్య స్థానం సర్దేది) తిప్పుతూ కూర్చుంటారు.

తీసుకోవాల్సినవి: ముందు కింది ఆర్మ్‌లు రెండు జతలు, వెనక ఆర్మ్‌లు ఒక జత, సి-హబ్‌లు ఒక జత, ముందు నకుల్స్ ఒక జత, హింజ్ పిన్నుల (ఆర్మ్‌లు ఊగే ఇరుసు పిన్నుల) పూర్తి సెట్టు ఒకటి, ముందు బంపరు ఒకటి. మీ బండికి ఆర్‌పీఎం కంపెనీ ఆర్మ్‌లు దొరికితే రెండో జత అవి తీసుకోండి. అవి కాస్త వంగి మళ్లీ నిలబడే రకం ప్లాస్టిక్. గ్రాఫైట్ లేదా కార్బన్ కలిపిన గట్టి ఆర్మ్‌లు ట్రాక్ మీద చక్కగా స్పందిస్తాయి గానీ తగిలితే పుటుక్కున విరుగుతాయి, కాబట్టి మొదటి ఏడాది వాటి జోలికి వద్దు.

కొత్త నైలాన్ ఆర్మ్‌లను ప్యాకెట్‌లోంచి తీసి నేరుగా బిగించకండి. నైలాన్ తేమను పీల్చుకున్నకొద్దీ దెబ్బ ఓర్చుకుంటుంది, బాగా ఎండి ఉంటే పెళుసుగా ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు మరిగించి ఆర్మ్‌లను పరిచినట్టు వేసి, 15-20 నిమిషాలు ఉంచి, అదే నీళ్లలో చల్లారనివ్వండి. ఒకదాని మీద ఒకటి కుక్కితే మెలిక పడతాయి. డిసెంబరు, జనవరిలో ఇక్కడి పొడి చలిలో ఈ పని చేసిన ఆర్మ్‌కీ చేయనిదానికీ తేడా చేతికే తెలుస్తుంది. వంటగిన్నె మాత్రం వాడకండి, ఇంట్లో మాట పడుతుంది.

ఆర్మ్ ఒక్కసారిగా విరగడం కన్నా ముందు సన్నగా చీలడం ఎక్కువ. చీలేది సాధారణంగా బయటి చివర, హింజ్ పిన్ను దూరే కన్ను దగ్గర. ప్రతి రేసు తర్వాత షాక్ కింది స్క్రూ తీసి ఆర్మ్‌ను చేత్తో పైకెత్తి వదలండి. తన బరువుకు తనే పడిపోవాలి. మధ్యలో ఆగితే పిన్ను వంగింది. పిన్నును బయటికి లాగి అద్దం మీద దొర్లిస్తే వంకర కనబడుతుంది. వంగిన పిన్నును సుత్తితో తిన్నగా కొట్టి మళ్లీ వేయకండి, అది కన్నును లోపల నుంచి కోసేస్తుంది. పిన్ను 3 మిల్లీమీటర్లదైతే అదే మందం గ్రౌండ్ స్టీలు రాడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, కొలత ప్రకారం కోసి అంచులు అరగదీసుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. ఈ-క్లిప్పులు మాత్రం ఒక చిన్న ప్యాకెట్ పెట్టుకోండి. తీసేటప్పుడు ఎగిరి గడ్డిలో పడ్డ క్లిప్పు దొరికిందంటే మీ అదృష్టం.

బాల్ కప్‌లు పన్నెండు. ఇవి అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవీ ఇవే. దెబ్బకు టై రాడ్డు (చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే కడ్డీ) ఊడితే మళ్లీ నొక్కి పెట్టేస్తాం. రెండు మూడుసార్లు అలా ఊడాక కప్ నోరు వదులవుతుంది, ఇక ప్రతి ల్యాపుకూ ఊడుతుంది. వేళ్లతో లాగితే వచ్చేసే కప్‌ను వెంటనే మార్చండి. మార్చే ముందు పాత లింకు పొడవును ఒక బాల్ మధ్య నుంచి ఇంకో బాల్ మధ్యకు వెర్నియర్‌తో కొలిచి పెట్టుకోండి. కొత్తది సరిగ్గా అంతే ఉండాలి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ పక్క చక్రం టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది, తిన్నగా ఉన్న చోట బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది.

గేర్లు: ముందు బిగింపు, తర్వాత స్పేరు

స్పర్ గేర్లు (పినియన్ తిప్పే పెద్ద గేర్లు) రెండు, బండిలో ఉన్నదానితో సమానమైన పినియన్ (మోటరు షాఫ్టు మీది చిన్న గేరు) ఒకటి, ఒక పన్ను తక్కువది ఇంకొకటి. ఇవి కొనే ముందు పిచ్ (పళ్ల సైజు) చూసుకోవాలి. 48 పిచ్ అంటే మాడ్యూల్ (పళ్ల సైజుకు మెట్రిక్ కొలత) లెక్కలో సుమారు 0.53. టమియా టీటీ-02 లాంటి బండ్లలో ఉండేది 0.6 మాడ్యూల్. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పక్కపక్కన పెడితే పళ్లు కలిసినట్టే అనిపిస్తాయి, తిప్పితే ఒక్క బ్యాటరీకి స్పర్ అరిగిపోతుంది. 32 పిచ్, 0.8 మాడ్యూల్ మాత్రం చాలా దగ్గర, అయినా కలపకుండా ఉంటేనే మంచిది. పినియన్ రంధ్రం కూడా చూడండి: 540, 550 సైజు మోటర్ల షాఫ్టు 3.17 మిల్లీమీటర్లు, పెద్ద 1/8 బండ్ల మోటర్లది 5 మిల్లీమీటర్లు.

స్పర్ ఊరికే పోదు. పళ్లన్నీ చుట్టూ ఒకేలా గుండ్రంగా అరిగాయంటే మెష్ (రెండు గేర్ల పళ్లు కలిసే బిగువు) వదులుగా ఉంది, లేదా మోటరు స్క్రూలు సడలి మోటరు వెనక్కి జరిగింది. ఒకే చోట నాలుగైదు పళ్లు ఎగిరిపోయాయంటే మధ్యలో రాయి పడింది, లేదా స్లిప్పర్ (కుదుపు వస్తే జారి గేర్లను కాపాడే క్లచ్) మరీ బిగించి ఉంది. కారణం వదిలేసి గేరు మాత్రం మారిస్తే రెండోది కూడా అదే సాయంత్రం పోతుంది, అప్పుడు తప్పు కంపెనీ గేరు మీదికి వెళుతుంది.

మెష్ పెట్టడం ఇలా. మోటరు స్క్రూలు రెండూ వదులు చేయండి. నోటు పుస్తకం కాగితం సన్నటి ముక్క కోసి రెండు గేర్ల మధ్య పెట్టండి. మోటరును స్పర్ వైపు గట్టిగా ఆనించి స్క్రూలు బిగించండి. చక్రం తిప్పి కాగితం బయటికి తీయండి. కాగితం ముడతలు పడి రావాలి, తెగి రాకూడదు. ఇప్పుడు పినియన్‌ను కదలకుండా పట్టుకుని స్పర్‌ను ముందుకూ వెనక్కూ కదపండి, వెంట్రుకవాసి ఆట చాలు. ప్లాస్టిక్ స్పర్‌లు పూర్తి గుండ్రంగా ఉండవు, కాబట్టి స్పర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగు చోట్లా చూడండి, ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ సరిపోయేలా పెట్టండి. బిగుతు ఎక్కువైతే ఈల వేసినట్టు సన్నటి శబ్దం వస్తుంది, మోటరు వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. వదులైతే టకటకలాడుతుంది.

పినియన్ గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) షాఫ్టు మీద చదునుగా ఉన్న వైపునే కూర్చోవాలి. షాఫ్టునూ స్క్రూనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క వేసి బిగించండి. ఎరుపు రంగుది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి పెట్టాలి. ఈ ద్రవం లోహానికి లోహం కలిసే చోట మాత్రమే. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు వేస్తే కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తినేస్తుంది, పాలికార్బొనేట్ అయితే పగుళ్లు పడుతుంది.

ఒక పన్ను తక్కువ పినియన్ ఎందుకంటే ఏప్రిల్, మే ఎండల కోసం. ఐదు నిమిషాలు తిప్పాక మోటరు డబ్బా మీద వేలు మూడు సెకన్లు ఉంచలేకపోతే వేడి ఎక్కువైనట్టే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే 80 డిగ్రీలు దాటనివ్వకండి. ముందు మెష్ చూడండి, తర్వాత బేరింగులు చూడండి, రెండూ బాగుంటే పినియన్ ఒక పన్ను తగ్గించండి. పై వేగం కొంచెం పోతుంది. మన మట్టి ట్రాకుల్లో ఆ వేగం అందుకునేంత పొడవైన నిడివి ఎలాగూ తక్కువే.

స్లిప్పర్ ప్యాడ్లు ఒక సెట్టు, డాగ్‌బోన్‌లు లేదా వెనక డ్రైవ్‌షాఫ్టులు (వెనక చక్రాలను తిప్పే కడ్డీలు) ఒక జత చాలు. ఆగి ఉన్న బండికి ఒక్కసారిగా పూర్తి థ్రాటిల్ ఇస్తే స్లిప్పర్ ఒకటి రెండు అడుగుల దూరం జారి తర్వాత పట్టుకోవాలి. గాల్లోంచి దిగేటప్పుడు థ్రాటిల్ నొక్కే ఉంచితే వేగంగా తిరుగుతున్న చక్రాలు నేల తగలగానే ఆగుతాయి, ఆ కుదుపంతా డ్రైవ్‌షాఫ్టు మీదా డిఫ్ (రెండు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) మీదా పడుతుంది. కాబట్టి నేల తాకే క్షణంలో వేలు కాస్త వదలడం నేర్చుకోండి. ఇది నేర్చుకున్నవాళ్లకు డిఫ్ గేర్ల స్పేరు అవసరం మొదటి ఏడాది రాదు.

ఎస్పీ రోడ్డు సరుకు

బేరింగులను ఆర్‌సీ దుకాణంలో కొనక్కర్లేదు. అవి మామూలు పారిశ్రామిక సైజులే, కాకపోతే పేరు తెలిసి అడగాలి. 5×11×4 కావాలంటే ఎంఆర్115, 6×12×4 అయితే ఎంఆర్126, 5×10×4 అయితే ఎంఆర్105, 10×15×4 అయితే 6700 అనండి. చివర జెడ్‌జెడ్ అని ఉంటే రెండు పక్కలా లోహపు మూత, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూత. మన ఎర్రమట్టి దుమ్ముకు చక్రాల దగ్గర 2ఆర్ఎస్ మేలు, కొంచెం బరువుగా తిరిగినా దుమ్ము లోపలికి పోదు. మాన్యువల్ చూసి మీ బండిలో ఏ సైజులు ఎన్నెన్ని ఉన్నాయో రాసుకుని వెళ్లండి. చక్రాల దగ్గర ఉండే సైజువి ఎనిమిది, మిగతా సైజులు రెండేసి చొప్పున తెచ్చుకోండి. ఎస్పీ రోడ్డు, జేసీ రోడ్డు చుట్టుపక్కల బేరింగు దుకాణాల్లో ఒకరి దగ్గర లేకపోతే పక్కవాడి దగ్గర ఉంటాయి.  

బేరింగు పోయిందని తెలుసుకోవడం తేలిక. చక్రాన్ని పైనా కిందా పట్టి కదిపితే టకటక ఆడుతుంది, లేదా తిప్పితే గరగరమంటుంది. పోయిన బేరింగును పట్టించుకోకపోతే అది ముక్కలై నకుల్‌నూ యాక్సిల్‌నూ తినేస్తుంది. తడి నేల మీద నడిపిన రోజు ఇంటికి రాగానే చక్రాలు విప్పి, బేరింగుల్లో పలుచని నూనె ఒక్కో చుక్క వేసి తిప్పండి. తెల్లారి చూద్దాం అనుకుంటే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.

స్క్రూలు: చాలా 1/10 బండ్లలో ఎం3. పొడవు 8, 10, 12, 16 మిల్లీమీటర్లు, గుండు తలవీ చదును తలవీ కొన్ని కొన్ని తెచ్చుకోండి. ప్లాస్టిక్‌లోకి దిగే టాపింగ్ మరలు వేరు, నట్టుకో లోహానికో ఎక్కే మెషీన్ మరలు వేరు. అడ్డదిడ్డంగా కలిపేయకండి. ఊడిపోయిన చోట పొడవైన స్క్రూ వేయడం కొత్తవాళ్ల అలవాటు. అది లోపల గేరుకు తగులుతుంది, లేదా రంధ్రం అడుగున ఆనుకుని ప్లాస్టిక్ మరను చీల్చేస్తుంది. చక్రాల నైలాక్ నట్లు ఎం4, వీటికి 7 మిల్లీమీటర్ల నట్ డ్రైవరు కావాలి. కనీసం పది పెట్టుకోండి. లోపలి నైలాన్ రింగు నాలుగైదుసార్లు విప్పి బిగిస్తే అరిగిపోతుంది. నట్టు వేళ్లతో చివరిదాకా తిరిగిపోయిందంటే దాన్ని పారేయాల్సిందే.

12 మిల్లీమీటర్ల హెక్స్‌లు (చక్రం కూర్చునే ఆరు పలకల ముక్కలు) ఒక సెట్టు, వాటి వెనక యాక్సిల్‌లో అడ్డంగా ఉండే పిన్నులు ఆరేడు. చాలా బండ్లలో ఈ పిన్ను సుమారు 2×10 మిల్లీమీటర్లు, అయినా మీదాన్ని కొలిచి చూసుకోండి. చక్రం విప్పినప్పుడల్లా ఇది జారి పడుతుంది. పోతే చక్రం ఉంటుంది, తిరగదు. కంపెనీది దొరక్కపోతే బేరింగు దుకాణంలో 2×9.8 నీడిల్ రోలర్లు అడగండి, గట్టి ఉక్కు, చక్కగా సరిపోతాయి. హెక్స్ వెనక కొంచెం గ్రీజు రాస్తే పిన్ను అంటుకుని ఉంటుంది. గ్రీజు ఎక్కువ రాస్తే మట్టి కూడా అంటుకుంటుంది, కొంచెమే.

పనిముట్ల విషయంలో ఒక్క మాట. బండితో వచ్చే ఎల్ ఆకారపు ఎలెన్ కీలు మెత్తటి ఇనుము, రెండు వారాల్లో అంచులు అరిగి స్క్రూ తలలను గుండ్రం చేస్తాయి. 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల మంచి హెక్స్ డ్రైవర్లు మూడు తీసుకోండి. తల అరిగిన ఒక్క స్క్రూను తీయడానికి పట్టే సమయంలో రెండు ఆర్మ్‌లు మార్చొచ్చు.

సర్వో

ముందు చక్రాలను పక్కలకు తిప్పే స్టీరింగ్ మోటరు ఇది. ఎలక్ట్రానిక్స్‌లో స్పేరు తప్పనిసరిగా ఉండాల్సింది ఇదొక్కటే. రెడీమేడ్ బండ్లతో వచ్చే సర్వోల్లో చాలావాటికి ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి. ముందు చక్రం గోడకు తగిలినప్పుడు ఆ తాకిడి టై రాడ్డు గుండా సర్వోకు వస్తుంది, సర్వో సేవర్ (దెబ్బ సర్వోకు చేరకుండా కాస్త వదిలే ముక్క) స్ప్రింగు వదులైతే మధ్యలో ఆపేవాళ్లు ఉండరు. సర్వో శబ్దం చేస్తూ చక్రాలు కదలకపోతే, లేదా ఒక పక్కకే తిరిగితే గేరు పళ్లు పోయాయి. సర్వో సేవర్ ఒకటి, లోహపు గేర్ల సర్వో ఒకటి డబ్బాలో ఉండాలి.

కొనే ముందు సర్వో తల మీద పళ్లు లెక్కపెట్టండి. 25, 24, 23 పళ్లవి ఉంటాయి, ఒకదాని హార్న్ (సర్వో తల మీద బిగించే చేయి) ఇంకోదానికి ఎక్కదు. ఎక్కినట్టు అనిపించినా స్క్రూ బిగించగానే హార్న్ లోపలి పళ్లు పోతాయి. ఎస్పీ రోడ్డులో రోబోటిక్స్ సామాను అమ్మేచోట ఎంజీ996ఆర్ అనే సర్వో ఎప్పుడూ దొరుకుతుంది. 25 పళ్లు, మామూలు సైజు, 6 వోల్టుల దగ్గర 11 కిలో-సెంటీమీటర్ల టార్క్ అని రాసి ఉంటుంది. ఆదివారం గట్టెక్కడానికి పనికొస్తుంది. ఇష్టపడి వేసుకునే సర్వో కాదు, ఆట ఎక్కువ, మధ్యకు సరిగ్గా తిరిగి రాదు. పైగా బిగుసుకుపోతే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. చవక ఈఎస్‌సీలోని బీఈసీ (రిసీవరుకూ సర్వోకూ కరెంటు ఇచ్చే భాగం) అంత ఇవ్వలేక రిసీవరు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది, బండి మీ మాట వినడం లేదనిపిస్తుంది. మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే ఇలా జరుగుతుంటే రిమోట్‌లో ఎండ్ పాయింట్ తగ్గించండి. చక్రాలు ఆగే చోటికి సర్వో కూడా ఆగాలి, ఇంకా తోస్తూ ఉండకూడదు.

మోటరు బ్రష్డ్ కాబట్టి, చవగ్గా దొరికితే అదే సైజుది ఒకటి పెట్టుకోవచ్చు. బ్రష్‌లు అరిగే వస్తువే, దుమ్ములో ఇంకా త్వరగా అరుగుతాయి. ఈఎస్‌సీ, రిసీవరు స్పేర్లు ఇప్పుడు అక్కర్లేదు.

మిగిలినవి

షాక్‌లకు ఓ-రింగుల ప్యాకెట్ ఒకటి, షాఫ్టులు రెండు, సిలికాన్ నూనె ఒక సీసా. 30 నుంచి 35 వెయిట్‌తో (నూనె చిక్కదనం) మొదలుపెట్టండి, అంటే ఆర్‌సీ కంపెనీ టీమ్ అసోసియేటెడ్ లెక్కలో సుమారు 350 నుంచి 425 సీఎస్‌టీ. ఇంజను నూనె, కుట్టు మిషను నూనె పోయకండి, ఓ-రింగులు ఉబ్బుతాయి. షాక్ షాఫ్టు మీద గీతలు పడితే ఎన్ని ఓ-రింగులు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది, షాఫ్టే మార్చాలి.

వెనక టైర్లు అతికించిన జత ఒకటి. చాలా టూ వీల్ డ్రైవ్ షార్ట్ కోర్స్ బండ్లలో ముందు, వెనక చక్రాల ఆఫ్‌సెట్ వేరు, హెక్స్ ఒకటే అయినా అటూ ఇటూ మార్చితే బండి వెడల్పు మారిపోతుంది. టైరు రిమ్ము నుంచి ఊడితే పలుచటి సీఏ జిగురు (సూపర్ గ్లూ), కానీ ముందు రెండు అంచులూ ఆల్కహాల్‌తో తుడవాలి. మట్టి ఉన్న చోట ఏ జిగురూ పట్టదు.

బాడీ క్లిప్పులు పది. దారంతో బాడీకి కట్టేసుకుంటే రెండు కూడా చాలు. లెక్సాన్ (పాలికార్బొనేట్) బాడీ చీలిక మొదలైన రోజే లోపలి వైపు గోడలకు వాడే ఫైబర్ మెష్ టేపు వేసి, పైన షూ గూ అనే జిగురు పలుచగా పూసి ఒక రాత్రి ఆరనివ్వండి. చీలిక చివర చిన్న రంధ్రం చేస్తే ముందుకు పాకదు. షార్ట్ కోర్స్ బాడీ గాల్లోకి లేచినప్పుడు గొడుగులా గాలి పట్టి ముక్కు పైకెత్తుతుంది. వెనక భాగంలో కిటికీలు కోసి గాలి పోయే దారి పెడితే సగం పల్టీలు తగ్గుతాయి, దాంతో పాటు సగం ఖర్చు కూడా.

బ్యాటరీలు రెండైనా ఉండాలి. వాటి కనెక్టర్లు ఒకే రకం పెట్టుకోండి, ఎక్స్‌టీ60 ఇక్కడ డ్రోన్ల వాళ్ల పుణ్యమా అని ఎక్కడైనా దొరుకుతుంది. రెండు జతల కనెక్టర్లు, అర మీటరు 12 లేదా 14 గేజు సిలికాన్ వైరు, హీట్ ష్రింక్ డబ్బాలో వేయండి. బ్యాటరీకి కనెక్టరు మార్చేటప్పుడు రెండు వైర్లూ ఒకేసారి కోయకండి. ఒకటి కోసి, అతికి, ఇన్సులేషన్ వేశాకే రెండోది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడుతుంటే ఈఎస్‌సీ లైపో మోడ్‌లో ఉందో లేదో మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. నిమ్‌హెచ్ (నికెల్ బ్యాటరీల) మోడ్‌లో ఉంటే సెల్లు 3 వోల్టుల కిందికి దిగిపోయినా బండి ఆగదు, ఆ బ్యాటరీ ఉబ్బి చెడిపోతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్ల ఛార్జింగు, ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లో, మీ కళ్ల ముందు. వారం మధ్యలో నింపి ఉంచకండి, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర స్టోరేజీలో పెట్టండి. మధ్యాహ్నం ఎండలో కారు డిక్కీలో వదిలేయడం అన్నింటికన్నా చెడ్డ పని.

డబ్బు సర్దుబాటు విషయానికొస్తే, ముందు భాగం, గేర్లు, సర్వో ఈ మూడింటికే ఏడు వేలలో ఎక్కువ భాగం పోనివ్వండి. బేరింగులు, స్క్రూలు, నట్లు, పిన్నులు అన్నీ కలిపినా అందులో చిన్న భాగమే అవుతాయి. మిగిలితే కొనకుండా ఆపండి. మొదటి మూడు నాలుగు రేసుల్లో ఏ భాగం ఏ పక్కది ఎలా పోయిందో మాన్యువల్‌లోని బొమ్మ మీదే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఎడమ ఆర్మ్‌లే పోతున్నాయంటే ట్రాక్‌లో ఏదో ఒక కుడి మలుపు దగ్గర మీరు బ్రేకు ఆలస్యంగా వేస్తున్నారు. అది ఏ మలుపో తేలాక రెండో ఆర్డరు జాబితా బాగా చిన్నదవుతుంది. డబ్బాలోని చివరి ఆర్మ్ బండికి ఎక్కిన రోజే తర్వాతి జతకు ఆర్డరు పెట్టండి. అదే ట్రాక్‌లో మీ మోడల్ బండే నడిపేవాళ్లు ఇంకో ఇద్దరు ఉంటే ముగ్గురూ కలిసి తెప్పించుకోండి, షిప్పింగు ఖర్చు పంచుకోవచ్చు, ఆదివారం ఒకరి డబ్బాలో లేనిది ఇంకొకరి డబ్బాలో ఉంటుంది.